క్రౌన్ పినియన్ యూసుఫ్ భాయి

మా యూసుఫ్ భాయి కన్నుమూశారన్న వార్త అందేసరికి నేను షెడ్డు ఎదుటి హోటలులో రెండు చాయ్‌లు చెప్పి కూర్చుని ఉన్నాను. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని వచ్చి మంచం మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదని ఆయన అల్లుడు ఫోనులో చెప్పాడు. ఇలాంటి సందర్భాల్లో హృదయం స్తంభించిందనీ, నేత్రాలు సజలమయ్యాయనీ రాయడం ఆనవాయితీ. అవన్నీ తర్వాత జరిగాయి. మొదట నాకు వచ్చింది కోపం. ముందు రోజు సాయంత్రం నాతో గొంతు చించుకుని పోట్లాడి, "రేపు పొద్దుగాల చెప్త నీ సంగతి" అని స్కూటరెక్కిన పెద్దమనిషి, ఆ సంగతేదో చెప్పకుండానే వెళ్లిపోతే కోపం రాక ఏమొస్తుంది?

సంస్మరణ సంచిక వేస్తామని మా మెకానిక్కుల సంఘం వారు ఆ వారమే వచ్చి అడిగారు. "నువ్వు గాక ఇంకెవరు రాస్తరన్నా" అన్నారు. చలికాలం చివర పోయిన మనిషి గురించి మిరుగు వానలు, అంటే మృగశిర కార్తె వానలు పడ్డాక రాస్తున్నాను. సంఘం వారు నన్ను తిట్టుకునే ఉంటారు. బొగ్గుబాయి కాలనీ బడిలో మా తెలుగు సారు వీపు వాయించి నేర్పిన పుణ్యాన నా చేతికి కొంచెం పెద్ద మాటలు పడతాయి. భాయికి అవంటే నవ్వులాట. "రాజన్నా, గింత బరువు మాటలు నెత్తిన వెట్టుకొని ఎట్ల తిరుగుతవే?" అనేవారు. ఈ ఒక్కసారికి ఆయన ఓర్చుకోవాలి.

యూసుఫ్ భాయి జన్మస్థలం చెన్నూరు. తండ్రి అక్కడ టాంగా నడిపేవారట. ఇరుసులతో సాంగత్యం తనకు పుట్టుకతోనే వచ్చిందని భాయి చెప్పుకునేవారు. మీసకట్టు రాకముందే మంచిర్యాల చేరి, మా షెడ్డులోనే పని నేర్చి, మా ఉస్తాదు పోయాక నాతో కలిసి ఆ షెడ్డును నిలబెట్టారు. మా బాపు బొగ్గుబాయిలో కార్మికుడు. నన్నూ బాయిలోకే పంపాలని ఆయన కోరిక, బాయిలోకి దిగొద్దని మా అవ్వ పంతం. అవ్వ పంతం నెగ్గి నేను ఇంజన్ల పనికి వచ్చాను. అలా ఇంజను నాది, ఇరుసు భాయిది అని పంచుకుని, దశాబ్దాల పాటు ఒకే రేకుల కింద పొద్దస్తమానం కొట్లాడుకుంటూ బతికాం. మా కొట్లాట వినిపించని రోజు షెడ్డు తెరవలేదనుకుని గిరాకీలు వెనక్కి వెళ్లిపోయేవారు.

ఆయనను నిరాడంబరుడని ఎవరైనా రాస్తే నమ్మకండి. వినయం ఆయన ఒంటికి పట్టని చొక్కా. తెల్లటి లాల్చీ, చెవి వెనక అత్తరు, జేబులో దువ్వెన. పొద్దున ఇస్త్రీ మడతతో వచ్చి, షెడ్డు వెనక బనీను మీదికి మారి, ఇరుసు పని చేసి, సాయంత్రం మళ్లీ అదే మడతతో ఇంటికి వెళ్లేవారు. ఎవరైనా పొగుడుతుంటే చేతిలో పాన, అదే స్పానరు, పక్కన పెట్టి మరీ వినేవారు. పొగడ్త మధ్యలో ఆగిపోతే, "ఆఁ, ఇంకేమన్నరు కరీంనగరోళ్లు?" అని అందించేవారు.

ఈ విద్యతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క మాట. జీపు ఇంజను నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న గేరు ఉంటుంది, దాన్ని పినియన్ అంటాం. అది ఇరుసు నడుమ ఉండే గుండ్రటి పెట్టెలో, అంటే హౌసింగులో, ఒక పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అది క్రౌన్. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుందన్న లెక్కే రేషియో. జీపుకు వెనక ఇరుసులో ఒకటి, ముందు ఇరుసులో ఒకటి ఇలాంటి జతలుంటాయి; మామూలుగా వెనక చక్రాలే బండిని తోస్తాయి, కష్టమైన చోట లివరు వేసి ముందు చక్రాలకూ పట్టు ఇస్తాం. జీపుకు పెద్ద టైర్లు వేస్తే, చక్రం అదే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. ఆ బరువు ఇంజను మీద పడుతుంది. అప్పుడు పినియన్ ఇంకొన్ని చుట్లు తిరిగేలా గేర్ల జత మార్చాలి. తక్కువ మారిస్తే బండి గుట్ట ఎక్కదు. మరీ ఎక్కువ మారిస్తే గుట్ట ఎక్కుతుంది గానీ, సడకు మీద ఇంజను అరిచి చస్తుంది, డీజిలు తాగుతుంది. ఏ టైరుకు, ఏ దారికి, ఏ బరువుకు ఏ జత అన్నది తేల్చడంలో యూసుఫ్ భాయి అద్వితీయుడు. ఈ మాట నేను ఆయన బతికుండగా ఆయన ముఖం మీద ఎన్నడూ అనలేదు. అంటే షెడ్డులో ఇంక నిలువనిచ్చేవారు కాదు.

మా ఇద్దరికీ శాశ్వత వివాదం ఒకటుండేది. పెద్ద టైర్లు వేసుకున్న జీపు గుంజడం లేదని ఎవరైనా వస్తే, నేను ఇంజను విప్పుదామనేవాణ్ని. భాయి నా చేతిలో పాన లాక్కునేవారు. "ఇంజన్ల దమ్ము తక్కువ కాలే రాజన్నా. టైరు అంగ పెద్దగైంది. అంగ పెద్దగైతే ఆయాసమొస్తది, దానికి గుండెకాయ మారుస్తవా?" అనేవారు. ఎదుటివాడికి మాట తోచనివ్వని ఇలాంటి వాక్యాలు ఆయన దగ్గర కోకొల్లలు.

కొత్త గేర్లు కూర్చినప్పుడు పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడటానికి రంగు పూసి తిప్పి చూస్తారు. ఎక్కడ రంగు చెరిగితే అక్కడ పన్ను తగులుతున్నట్టు. బజారులో దానికి డబ్బా రంగు దొరుకుతుంది. భాయికి అది నచ్చదు. మా ఇల్లు షెడ్డు వెనకే కాబట్టి దొడ్డివాకిట నిలబడి, "వదినా, జర కుంకుమ వెట్టు" అని మా ఆవిడ సరోజను అడిగేవారు. కుంకుమను గేరు నూనెలో కలిపి, పళ్లకు పూసి, క్రౌన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, తలకాయ అటూ ఇటూ వంచి చూసేవారు. అచ్చు పంటి నడుమ పడాలి. ఓ పక్కకు జరిగితే మొత్తం విప్పి మళ్లీ మొదలు. సరోజ ప్రతి శుక్రవారం ఆయన పేరు చెప్పి ఒక పొట్లం కుంకుమ ఎక్కువ తెప్పించేది. పండుగనాడు వాళ్లింటి సేమియా మా ఇంటికి వచ్చేటప్పుడు, "కుంకుమ బాకీ" అని చెప్పి పంపేవారు.

ఇరుసులకు అంతటి వైద్యుడు డ్రైవింగులో మాత్రం పరమ అధ్వాన్నం. రెండో గేరు దాటేవారు కాదు. గేరు మార్చాలంటే బండి ఆపి, అద్దంలో మీసం చూసుకుని, అప్పుడు మార్చేవారు. ఒకసారి శ్రీరాంపూరు వైపు ట్రయలుకు తీసుకెళితే, వెనక కూర్చున్న గిరాకీ దిగి నడుచుకుంటూ మాకంటే ముందే చాయ్ హోటలు చేరాడు. అలాంటి మనిషి పక్కన కూర్చుని ఎదుటివాడి డ్రైవింగుకు వంకలు పెట్టేవారు.

అంతటి వాడికీ దెబ్బ తగిలింది, అది చెప్పకపోతే ఈ చిత్రం అసంపూర్ణం. హుస్నాబాద్ నుంచి ఒక యువకుడు కొత్త జీపుతో వచ్చాడు. పెద్ద టైర్లు వేయించుకున్నాడు. ఎటు తిరుగుతావని భాయి అడిగితే, గుట్టలు, అడవులు, వాగులు అని ఊదరగొట్టాడు. భాయి మురిసిపోయి లోతైన రేషియో, అంటే పినియన్ మరిన్ని చుట్లు తిరిగే జత, వేసి పంపారు. నిజానికి ఆ అబ్బాయి తిరిగేది హుస్నాబాద్ నుంచి కరీంనగర్ దాకా, నున్నటి తారు సడకు మీద. వాగు ముఖం ఎన్నడూ ఎరుగడు. వారం తిరగకముందే చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి, ఇంజను అరుపుకు ఇంట్లోవాళ్లు బండి ఎక్కడం లేదని మొత్తుకున్నాడు. భాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజున నియమం పెట్టారు. ఇకమీదట బండి యజమాని చెప్పే మాట వినేది లేదు. ఆ బండి రోజూ పోయే దారిలో, రోజూ ఎక్కే మనుషులతో, రోజూ మోసే మూటలతో ఒకసారి తాను కూర్చుని పోయిరావలసిందే. అప్పుడే హౌసింగు విప్పేది. "బండి అబద్ధం చెప్పది రాజన్నా. మనిషికే షోకు" అన్నారు. ఆ నియమం వల్ల ఆయన పత్తి మూటల మీద, మేకల నడుమ, పెళ్లి బృందాల ఒడిలో కూర్చుని ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా అంతా తిరిగారు. తెల్ల లాల్చీతోనే.

ఇప్పుడు ఆయన సొంత జీపు సంగతి. ఎవరో తుక్కుకు వేస్తుంటే పాత పెట్రోలు జీపొకటి తెచ్చుకుని, ఏళ్ల తరబడి ఒక్కొక్క ముక్కా కూర్చుకున్నారు. పెద్ద టైర్లు వేశారు. వాటికి తగ్గట్టు ముందూ వెనకా ఎనిమిది–నలభై మూడు జత వేశారు, అంటే పినియన్‌కు ఎనిమిది పళ్లు, క్రౌన్‌కు నలభై మూడు. ఆ కాలపు జీపులకు వచ్చిన ఆ జత, అందులోనూ ముందు ఇరుసుది, ఇప్పుడు కంచు కాగడా పెట్టి వెతికినా దొరకదు. ఇదంతా షోకు అనుకుంటే పొరపాటు. ఆయన భార్య మెహరున్నీసా, మేమంతా భాభీ అని పిలిచే ఇల్లాలు, జైనూర్ అవతల గుట్ట మీద పెరిగింది. అక్కడొక గూడెంలో వాళ్ల నాన్న ఉప్పు, కిరోసిను అమ్మే చిన్న దుకాణం నడిపేవారట. నాన్న పోయాక వాళ్లు కిందికి దిగిపోయారు. ఆ చోటు ఇంకొక్కసారి చూడాలని ఆమె కోరిక. నిఖా అయిన కొత్తలో అడిగితే, "నా సొంత బండిల, నేను గూడ పక్కన కూసొని, గుట్టెక్కిచ్చి తీస్కపోత" అని భాయి మాటిచ్చారు. పెళ్లాం ఇంకేదీ అడగలేదని ఆయనే చెప్పేవారు. జీపు తయారైంది. చలికాలం రాగానే పోదామనుకున్నారు.

అంతలో వానాకాలం మొదట్లో ఆత్రం లచ్చు వచ్చాడు. లచ్చుది సరిగ్గా ఆ గుట్ట మీది గూడెమే. జైనూర్ అంగడికి మనుషులను దించి, మళ్లీ ఎక్కించుకుపోయే జీపు అతనిది. దారిలో ఒక వాగు, వాగు దాటగానే నిట్టనిలువు గుట్ట. వానాకాలంలో వాగు రాళ్లకు జీపు కడుపు తగిలి ఆగిపోతోందని, పత్తి అమ్మిన పైసలతో పెద్ద టైర్లు వేయించాడు. కడుపు లేచింది. కానీ గుట్ట ఎక్కడం మానేసింది. అప్పుడు ఇంకెక్కడో వెనక ఇరుసుకు మాత్రం ఎనిమిది–నలభై మూడు జత వేయించాడు. ముందు ఇరుసుకు జత దొరకలేదు. ముందరిది వాగులోనే కదా వాడేది, ఆ కాస్త దూరానికి తేడా ఏమొస్తుందిలే అనుకున్నాడు. మా ప్రాంతంలో చాలామంది చేసే పొరపాటే ఇది. తొలి వాన పడ్డాక వాగులో నాలుగు చక్రాలకూ పట్టు ఇచ్చేసరికి, ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన తిరగబోయి ఒకదానితో ఒకటి కొట్లాడుకున్నాయి. స్టీరింగు బిగుసుకుంది. ముందు షాఫ్టు జాయింటు ఠప్పున విరిగింది. ట్రాక్టరు కట్టుకుని మా షెడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

భాయి హౌసింగు కింద దూరి చూసి లేచి, లచ్చు మీద విరుచుకుపడ్డారు. "ఒక్క కాలుకు చెప్పు, ఒక్క కాలుకు బూటు తొడుక్కొని ఉరుకుతవారా? పరేషాన్ కాదా బండి?" లచ్చు తల వంచుకుని, "నీ కాల్మొక్త భాయ్, గా ముందటిది దొరకలే. వానలు వడ్డయి. నా బండి పోకుంటె మా గూడెపోళ్లు వాగు గవతలే ఉంటరు" అన్నాడు. భాయి కోపం చప్పున దిగిపోయింది. "సరే. జాయింటు ఏస్త. గని జత సంగతి గుట్ట చూసినంకనే" అన్నారు.

జాయింటు వేసి, నియమం ప్రకారం అంగడి నాడు జైనూర్ పోయాం. నేనూ వెంట వెళ్లాను. లచ్చు బండిలో మనుషులు, బియ్యం మూటలు, కోళ్లు, నడుమ తెల్ల లాల్చీలో భాయి. ఆ రోజు వాగులో నీళ్లు లేవు. దాటాం. గుట్ట మొదట్లో లచ్చు ఏమీ చెప్పకముందే అందరూ దిగి నడవడం మొదలుపెట్టారు. ముందు చక్రాల పట్టు లేకుండా నిండు బండి ఆ గుట్ట ఎక్కదు, దిగి నడవడం వాళ్లకు అలవాటైపోయింది. ఒక ముసలామె నెత్తిన మూటతో బండి పక్కనే ఎక్కుతోంది. భాయి కూడా దిగి ఆమెతో పాటు నడిచారు. "ఏమవ్వా, రోజు గిట్లనే నడుస్తరా?" అని అడిగారు. "నడుసుడు మంచిదే బిడ్డా. వాగొస్తె నడుసుడు గూడ ఉండది. పోయిన వానలల్ల మా కోడలును మంచం మీద మోసిన్రు. వాగు కాడ ఆపిన్రు. వాగు తగ్గెదాక గాడనే" అని ఆమె మూట సర్దుకుంది.

గూడెంలో లచ్చు ఇంటి గోడకు అతని పాత చిన్న టైరు ఆనించి ఉంది. భాయి దాన్ని తెప్పించి, జీపు స్టెప్నీ దించి, రెండింటికీ సున్నంతో గీత పెట్టి, ఒకే చోటి నుంచి నేల మీద ఒక్కొక్క చుట్టు దొర్లించారు. పెద్దది ఎంత ముందుకు పోయిందో జానతో కొలిచారు. ఊరంతా వింతగా చూస్తోంది. "చూసినవా రాజన్నా? ఇంజను తాను పాత అంగనే ఏస్తున్న అనుకుంటది. బండి గింత ఎక్కువ పోతది. ఎనిమిది–నలబై మూడే దీనికి సరి. ఇంకా లోతుకు పోతె గుట్టకు మంచిదే, గని ఉట్నూరు సడక్ మీద డీజిలుకే సరిపోతది ఈని కమాయి. వెనకది సక్కగనే ఏసిన్రు. ముందటిదే కావాలె" అన్నారు. ఆ తర్వాత గుట్ట అంచున కూలిన మట్టి గోడల దగ్గర కాసేపు ఒంటరిగా నిలబడ్డారు. అది మామగారి దుకాణం ఉండిన చోటని లచ్చు చూపించాడట.

ముందు జత కోసం మేము వెతకని తుక్కు దుకాణం లేదు. కరీంనగర్, నాగపూర్, హైదరాబాద్, ఎక్కడా లేదు. వానలు బలపడుతున్నాయి. ఒక మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చేసరికి, షెడ్డు ముందు భాయి సొంత జీపు రాళ్ల మీద నిలబడి ఉంది. ముందు హౌసింగు మూత తీసి ఉంది. లోపలి క్రౌన్ పినియన్ గోనెసంచి మీద కడిగి ఆరబెట్టి ఉంది.

"ఇదేంది భాయ్! భాభీకి మాటిచ్చినవ్ గదా" అన్నాను.

"మాట యాడికి పోతది? ఇంకోటి దొరుకుతది, ఏస్త. వాగు ఆగది గదా" అని, దొడ్డివాకిలి వైపు తిరిగి, "వదినా, జర కుంకుమ" అని కేకేశారు.

లచ్చు జీపుకు అది అమర్చి పంపారు. ఇక ఇంట్లో చెప్పాలి. ఎంతటి పహిల్వానుకైనా ఎదురు నిలిచే మనిషి, ఆ సాయంత్రం నన్ను తోడు రమ్మని బతిమాలారు. పరాయి మనిషి ఉంటే కేకలు తగ్గుతాయని ఆయన ఆశ. భాభీ అంతా విన్నది. కేకలు వేయలేదు. "బండి నీది, ఎవరికిస్తవో ఇచ్చుకో. నాకిచ్చిన మాట నాది గదా. అది నన్నడగకుంట ఎట్లిచ్చినవ్?" అంది. మళ్లీ, "గోడలు నువ్వొక్కనివి చూసొస్తివి" అని లోపలికి వెళ్లిపోయింది. చాలా రోజులు ఆ ఇంట్లో మాటలు పిల్లల ద్వారానే నడిచాయి.

ఆ వానాకాలం లచ్చు జీపు ఒక్క అంగడి కూడా తప్పలేదు. ఆ వార్త వచ్చినప్పుడల్లా భాయి మీసం దువ్వుకునేవారు, వెంటనే తన జీపు వైపు చూసి దువ్వెన జేబులో పెట్టేసేవారు. ఆ ఖాళీ హౌసింగు కోసం ఆయన పడిన తపన నేను వర్ణించలేను. తెలిసిన ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పిపెట్టారు. ఎవరు ఏ ఊరు పోతున్నా, "జర తుక్కుల చూడు రా భాయ్, ఎనిమిది–నలబై మూడు, ముందటిది" అనేవారు. వచ్చినవన్నీ అరిగిపోయినవే. చివరికి నాగపూరు నుంచి నేనే ఒకటి తెప్పించాను. పళ్ల మీద గుంటలు ఉన్నాయి. నేను వేసేద్దామన్నాను. ఒక్కసారి గుట్టెక్కి దిగడానికి చాలునని నా వాదన. ఇదే మా ఆఖరి పోట్లాట. "పుచ్చిన పండ్లతోని మెహరున్‌ను గుట్టెక్కియ్యమంటవా? నడిమిట్ల ఇరిగితె? నా చేతి పని నా పెండ్లాం కాడ ఇరుగుతదా?" అని అరిచారు. నువ్విట్లనే చూస్తుంటె ఆమె ముసలిదై పోతుందని నేనూ అరిచాను. రేపు పొద్దుగాల చెప్త నీ సంగతి, అన్నారు.

ఆ రేపు ఎలా తెల్లారిందో మొదటే చెప్పాను.

ఆయన జనాజాలో ఎందరు భుజం పట్టారో నాకు లెక్క తెలియదు. జిల్లా నలుమూలల నుంచి జీపులు వచ్చాయి. ఒక్కొక్క జీపు ఆగుతుంటే, ఇది మా షెడ్డులో వేసినది, ఇదీ మా షెడ్డులోదే అనుకుంటూ నిలబడ్డాను. లచ్చుకు కబురు ఆలస్యంగా అందింది. మట్టి అయిపోయాక వచ్చి, రాళ్ల మీది జీపు పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు.

యూసుఫ్ భాయి లేని లోటు ఎవరూ తీర్చలేనిది అని రాస్తే అది మర్యాద వాక్యమవుతుందేమో గానీ, మా షెడ్డులో అది కంటికి కనిపించే నిజం. రేకుల కింద సగం చోటు ఖాళీ. పెద్ద టైర్లు వేసుకున్న కుర్రాళ్లు వస్తూనే ఉన్నారు. ఏ జత వేయాలని అడుగుతారు. పళ్లు లెక్కపెట్టి భాగించడం నాకూ వచ్చు, వాళ్ల ఫోన్లకూ వచ్చు. కానీ వాళ్ల దారిలో, వాళ్ల మూటల మీద కూర్చుని పోయిరావడానికి మనిషి లేడు. నాకా మోకాళ్లు లేవు, ఆ ఓపికా లేదు. కరీంనగర్ పొమ్మని పంపేస్తున్నాను. ఎదురు వాదించేవాడు లేక, నేను ఇంజను విప్పుదామన్న ప్రతిసారీ ఇంజను విప్పవలసి వస్తోంది. నా జీవితంలో ఇంత విసుగు నేనెరుగను. భాయి, నీ మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేకపోయానో ఇప్పుడు చెబుతాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ జీపు ఎదురుగా కనిపించేది. నెరవేరని మాటతో ఒక మనిషి కథ ముగించడానికి నాకు చేయి ఆడలేదు.

భర్త పోయాక ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు ముగిసి, భాభీ గడప దాటి బయటికి వచ్చిన వారంలో లచ్చు తన జీపు వేసుకుని వాళ్లింటి ముందు ఆగాడు. మమ్మల్నీ పిలిపించాడు. సరోజ, నేను వెళ్లాం. లచ్చు చేతిలో పాన ఉంది.

"భాభీ, గీ ముందటి సెట్టు ఇప్పి మీ బండికి ఏస్త. రాజన్న ఉన్నడు, ఇద్దరం కలిసి ఏస్తం. గిది మీది. భాయి మీకిచ్చిన మాట గిండ్లనే ఉన్నది" అన్నాడు.

భాభీ వాకిట్లో నిలబడి అడిగింది. "మరి నీ బండి?"

"పాత చిన్న టైర్లు ఉన్నయి. గవే ఏస్కుంట."

"మిరుగు వచ్చింది. వాగెట్ల దాటుతవ్?"

లచ్చు పానను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

భాభీ కాసేపు ఆ జీపు ముందు చక్రాల వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి చెప్పులు వేసుకుని, తాళం కప్ప పట్టుకుని వచ్చింది. "ఏం ఇప్పకు. డీజిలుందా బండిల?" అని అడిగి, సరోజ చేయి పట్టుకుంది. "నువ్వు గూడ రా వదినా."

జైనూర్ చేరేసరికి అంగడి విడిచే వేళ అయింది. ముందు సీటులో భాభీ. వెనక సరోజ, నేను, గూడెం మనుషులు, ఉల్లిగడ్డల సంచులు, ఎవరిదో మేకపిల్ల. పొద్దటి వానకు వాగు ఎర్రగా పారుతోంది. లచ్చు ఆగి, ముందు ఇరుసుకు పట్టు ఇచ్చి, మెల్లగా నీళ్లలోకి దించాడు. నేను కిందికి వంగి ఇరుసుల చప్పుడు విన్నాను. ముందరిదీ వెనకదీ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. చక్రాలు రాళ్లను పట్టుకుని అవతలి ఒడ్డు ఎక్కాయి. ఆ వెంటనే గుట్ట మొదలైంది. ఎవరూ దిగలేదు. దిగాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు, మేకపిల్ల గురించి ఏదో వాదించుకుంటున్నారు.

బండి నిండు బరువుతో, ఆయాసం లేకుండా, ఒకే తీరుగా ఎక్కుతోంది. సగం గుట్టలో మలుపు తిరిగాక, పైన కూలిన మట్టి గోడలు కనబడ్డాయి. భాభీ ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. వెనక్కి తిరగకుండానే నన్ను పిలిచింది.

"తీస్కపోత అన్నడు రాజన్నా" అంది. కడ్డీ వదలకుండానే మళ్లీ అంది, "తీస్కపోతుండు."